రెక్కల పురుగు బయటికి వచ్చాక పట్టుగూడు ఎందుకు పనికిరాదు? అది పెట్టిన గుడ్లు ఎందుకు పొదగలేదు?

బడికిటికీ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను కడప జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఆగస్టు మొదటి వారంలో, మడకశిర దగ్గర మల్బరీ తోట పెట్టుకున్న మా పిన్ని కొడుకు ఇటువైపు వస్తూ, పిల్లలకు చూపించమని 24 పట్టుగూళ్లు సంచిలో వేసి తెచ్చాడు. అన్నీ తెల్లనివే. కొన్ని కోడిగుడ్డు ఆకారంలోను, కొన్ని వేరుశనగకాయలాగా నడుమ కొద్దిగా నొక్కుకుపోయిన ఆకారంలోను ఉన్నాయి. చెప్పుల అట్టపెట్టెలో పాత దినపత్రిక పరిచి వాటిని అందులో ఉంచి, తొమ్మిదో తరగతి గదిలో కిటికీ పక్కన పెట్టాము.

తొమ్మిదో రోజు ఉదయం ప్రార్థన గంట కొట్టేసరికి ఒక గూడు కొన టీ చుక్క పడినట్టు తడిసి గోధుమరంగుకు తిరిగింది. పిల్లలు చూస్తుండగానే ఆ తడిలోంచి నలిగిన తెల్లటి తల ఒకటి బయటికి వచ్చింది, ఆ తర్వాత పది నిమిషాల్లో మొత్తం శరీరం వచ్చింది. రెండు మూడు రోజుల్లో 24 గూళ్లలో 21 నుంచి రెక్కల పురుగులు వచ్చాయి. పెట్టె మూత తీసే ఉంచినా ఒక్కటీ ఎగిరిపోలేదు. చక్కెర నీళ్లు పెడితే మూతి కూడా పెట్టలేదు. సన్నవి కొన్ని రెక్కలు టపటపలాడిస్తూ గుండ్రంగా తిరుగుతుంటే, పొట్ట లావుగా ఉన్నవి కదలకుండా కూర్చున్నాయి. జతకట్టిన తర్వాత ఆ లావువి దినపత్రిక మీద, సరిగ్గా రాశిఫలాల మీద, వందలకొద్దీ గుడ్లు పెట్టాయి. మొదట లేత పసుపు రంగులో ఉన్న ఆ గుడ్లు మూడో రోజుకల్లా ఊదా కలిసిన బూడిదరంగుకు మారాయి. వారం పది రోజుల్లో పురుగులన్నీ చనిపోయాయి.

గుడ్లు పది పన్నెండు రోజుల్లో పొదుగుతాయని పుస్తకంలో చదివి పిల్లలకు అదే చెప్పాను. ఇప్పటికి నెలన్నర దాటింది, ఒక్క గుడ్డూ పగలలేదు. నా మాట మీద పిల్లలకు నమ్మకం తగ్గుతోందన్న సంగతి వాళ్ల ముఖాల్లో కనిపిస్తోంది. రెక్కలుండీ ఇవి ఎందుకు ఎగరవు, ఏమీ తినకుండా ఎలా బతికాయి, ఖాళీ అయిన గూళ్ల నుంచి పట్టు తీయలేమని మా తమ్ముడు అంటున్నాడు, అది ఎంతవరకు నిజం, ఇంతకీ ఆ గుడ్లు బతికే ఉన్నాయా? మరొక వింత కూడా ఉంది. మిగిలిన మూడు గూళ్లలో ఒకదానికి దబ్బనంతో పొడిచినట్టు చిన్న గుండ్రటి రంధ్రం పడింది, పెట్టె మూలలో ముదురు గోధుమరంగు గుళిక లాంటిది ఒకటి దొరికింది. తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

రెమ్మలమేపు:

నమస్కారం మేడం. మాది కూడా మడకశిర వైపే. ఎకరన్నర వీ-1 రకం మల్బరీ తోట మీద పదిహేనేళ్లుగా పురుగులు మేపుతున్నాను. మీ చివరి ప్రశ్న నాకు బాగా తెలిసిన బాధ కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ చిన్న రంధ్రం పట్టుచిలుక (మీరన్న రెక్కల పురుగునే మేం పట్టుచిలుక, చిలుక అంటాం) చేసింది కాదు, ఊజీ ఈగది. ఈ ఈగ కర్ణాటకలోకి 1980లో అడుగుపెట్టింది, ఆ సరిహద్దు మా పొలాల గట్టే కాబట్టి మాకూ వచ్చింది. నాలుగో జ్వరం లేచిన పెద్ద పురుగుల మీద వాలి, ఒంటి మీద ఒక్కొక్క గుడ్డు అంటించి పోతుంది. గుడ్డు పగిలి అందులోని పిల్ల పట్టుపురుగు శరీరంలోకి దూరిన చోట నల్లటి మచ్చ పడుతుంది. ముందే సోకితే పురుగు గూడు కట్టకుండానే చచ్చిపోతుంది, ఆలస్యంగా సోకితే గూడు కట్టిన తర్వాత లోపలున్నదాన్ని తినేసి, గూటికి చిల్లు చేసుకుని బయటపడుతుంది. మీకు పెట్టె మూలలో దొరికిన గుళిక దాని ప్యూపానే. దయచేసి పారేయకుండా కాల్చేయండి. షెడ్డు కిటికీలన్నిటికీ వల కట్టి, తలుపుకు రెండో తలుపు పెట్టినా, ఆకు మోపుతో పాటు ఒకటి రెండు ఈగలు లోపలికి వస్తూనే ఉంటాయి.

మేం వాడే జ్వరం అనే మాటకు అర్థం మామూలు జ్వరం కాదు కాబట్టి పిల్లలకు ఆ సంగతి చెప్పండి. పురుగు చర్మం వదిలే ముందు ఆకు మానేసి, తల పైకెత్తి, ఒకరోజు కదలకుండా ఉంటుంది, దాన్నే మేం జ్వరానికి కూర్చోవడం అంటాం. మొత్తం నాలుగు జ్వరాలు, అయిదు దశలు, దాదాపు 24 నుంచి 28 రోజులు. రెండో జ్వరం దాకా చాకీ కేంద్రంలోనే, అంటే చిన్న పురుగులను పెంచే కేంద్రంలోనే, పెంచి ఇస్తారు, అక్కడి నుంచి మా షెడ్డులో రెమ్మల మేపు, అంటే ఆకును రెమ్మలతో సహా వేయడం. ఒక్కో పురుగు తన జీవితంలో 20, 25 గ్రాముల ఆకు తింటే, అందులో నూటికి ఎనభై పాళ్లకు పైగా చివరి దశలోని ఆరేడు రోజుల్లోనే తింటుంది. ఆ వారం మా ఇంట్లో ఎవరికీ పండగ గాని, చావు గాని, పెళ్లి గాని ఉండకూడదని మా అమ్మ మొక్కుకునేది.

తర్వాత పురుగులు పండుతాయి. పండిన పురుగు ఆకు ముట్టదు, కొంచెం పొట్టిదై, వెలుతురుకు పట్టి చూస్తే ఒళ్లు అద్దంలా కనిపిస్తుంది. అప్పుడు వాటిని ఏరి చంద్రికల మీద, అంటే పురుగులు గూడు అల్లుకునే తట్టల మీద, వేయాలి. గూడు మొదలుపెట్టే ముందు ప్రతి పురుగూ ఒంట్లోని మలమూత్రాలన్నీ వదిలేస్తుంది, నలభై వేల పురుగులు ఒకే రాత్రి ఆ పని చేస్తే షెడ్డు ఎంత చెమ్మగిల్లుతుందో ఊహించుకోండి. ఆ చెమ్మ బయటికి పోకపోతే గూటి జిగురు సరిగా ఆరక, దారం లాగేటప్పుడు మాటిమాటికీ తెగుతుందని రీలర్లు (గూళ్ల నుంచి దారం లాగేవాళ్లు) మా మీద కోపగిస్తారు. పురుగు మొదట నాలుగు పక్కలా సాలెగూడు లాంటి పోగులు వేసుకుని, ఆ నడుమ తలను ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ, రెండు మూడు రోజులు ఆగకుండా అల్లుతుంది. తెల్ల గూళ్ల రకాన్ని చంద్రికకు ఎక్కించిన ఏడో రోజుకు దించి, సంచుల్లో గాలి ఆడేలా వదులుగా నింపి, రాత్రికి రాత్రే హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోతాం.

ఆలస్యమైతే ఏమవుతుందో నాకు తెలుసు. ఏడేళ్ల క్రితం మా చెల్లెలి పెళ్లి సమయంలో ఒక పంటను దించి, ఆ హడావుడిలో ఆరు రోజులు ఇంట్లోనే ఉంచాను. మార్కెట్టులో సంచి విప్పేసరికి తెల్లటి చిలుకలు నా చేతుల మీదకు పాకాయి. వేలంలో ఆ సంచిని ఎవరూ అడగలేదు, చివరికి చిల్లు గూళ్లను వ్యర్థం పట్టు కొనేవాళ్లకు మామూలు ధరలో ఆరో వంతుకు ఇచ్చి వచ్చాను. చిలుక బయటికి రావడానికి గూటిని కొరికేస్తుంది కాబట్టి దారం ముక్కలైపోతుంది, అందుకే పనికిరాదు. గుడ్ల సంగతి నాకు తెలియదు, అవి మేం పెట్టించం, కొనుక్కుంటాం.

గుడ్లకేంద్రం:

నేను పాత అనంతపురం జిల్లాలో పట్టుపురుగు గుడ్ల ఉత్పత్తి కేంద్రాల్లో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. పై మిత్రుడు చెప్పినదంతా అనుభవంతో చెప్పిన మాటే గాని, చివర ఒక్క సంగతి సవరించాలి. చిలుక గూటిని కొరకదు. కొరకడానికి దానికి నోరే లేదు.

పురుగుగా ఉన్నప్పుడు ఆకును కరకర నమిలిన దవడలు చిలుక దశలో ఉండవు. నోటి భాగాలు పేరుకు మాత్రం మిగిలి ఉంటాయి, వాటితో తినలేదు, తాగలేదు. మీ చక్కెర నీళ్లను అది ముట్టకపోవడానికి కారణం అదే. పురుగుగా ఉండగా ఒంట్లో దాచుకున్న కొవ్వే దాని మిగిలిన జీవితానికి ఆహారం, ఆ నిల్వ అయిపోవడంతో ఆయువూ అయిపోతుంది. అందుకే వారం పది రోజులకు మించి బతకవు. మరి గూటిలోంచి ఎలా వస్తుందంటే, బయటపడే ముందు నోటి దగ్గర నుంచి క్షార గుణం గల ఒక ద్రవాన్ని ఊరిస్తుంది. అందులో కొకూనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పట్టుదారంలో రెండు వేర్వేరు మాంసకృత్తులు ఉంటాయి, లోపలి గట్టి పోగు ఫైబ్రాయిన్, దాన్ని అంటిపెట్టుకుని ఉండే జిగురు సెరిసిన్. ఈ ఎంజైమ్ జిగురును కరిగిస్తుంది, పోగు జోలికి పోదు. జిగురు కరిగి వదులైన పోగులను చిలుక తలతోను కాళ్లతోను పక్కకు తోసుకుంటూ వస్తుంది. మీ పిల్లలు చూసిన టీ చుక్క మరక అదే. గూడు ఎందుకు చెడిపోతుందన్నది దారం లాగేవారు నాకన్నా బాగా చెప్పగలరు.

ఎగరకపోవడానికి కారణం మనిషే. అడవిలో దీని దాయాది బాంబిక్స్ మాండరీనా అనే చిలుక ఇప్పటికీ చైనా వైపు చక్కగా ఎగురుతూ తిరుగుతోంది. మనం పెంచే బాంబిక్స్ మోరి ఆ జాతి నుంచే వేల ఏళ్ల పెంపకంలో వచ్చింది. ఎక్కువ పట్టు ఇచ్చేదాన్ని, తట్ట వదిలి పోనిదాన్ని ఏరి ఏరి పెంచుతూ పోయేసరికి ఒళ్లు బరువెక్కి ఎగిరే శక్తి పోయింది. పురుగు కూడా అంతే, ఆకు మూరెడు దూరంలో ఉన్నా వెతుక్కుంటూ పోకుండా మీరు తెచ్చి పెట్టేదాకా ఉన్నచోటే ఉంటుంది. కనుక వాటిని చెట్టు మీద వదిలేస్తే స్వేచ్ఛ ఇచ్చినట్టు అనుకోకండి, కాకికి ఆహారం వేసినట్టు అవుతుంది.

రెక్కలు టపటపలాడిస్తూ తిరిగినవి మగవి. ఆడది ఉన్నచోటే కూర్చుని పొట్ట చివరి గ్రంథుల నుంచి ఒక వాసన పదార్థాన్ని గాలిలోకి వదులుతుంది. మగదాని తల మీద దువ్వెన పళ్లలా ఉన్న స్పర్శశృంగాలు ఆ వాసనను పట్టుకుంటాయి. ఈ పదార్థానికి బాంబికాల్ అని పేరు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ దాదాపు అయిదు లక్షల ఆడ చిలుకల గ్రంథులను సేకరించి, 1959లో దాని స్వరూపాన్ని తేల్చాడు. కీటకాలు ఒకదానికొకటి సంకేతంగా వదిలే ఇలాంటి పదార్థాల్లో (ఫెరోమోన్‌లలో) రసాయన స్వరూపం తెలిసిన మొదటిది అదే. ఈసారి పెంచినప్పుడు పిల్లలతో ఒక ప్రయోగం చేయించండి. ఆడ చిలుకను గాజు సీసాలో పెట్టి గట్టిగా మూత బిగిస్తే, కళ్ల ముందే ఉన్నా మగది పట్టించుకోదు. ఆడది కాసేపు కూర్చుని లేచిన కాగితాన్ని ముందు పెడితే ఆ ఖాళీ కాగితం చుట్టూ తిరుగుతుంది.

ఇక గుడ్లు. మేడం, మీ గుడ్లు బతికే ఉన్నాయి, నిద్రపోతున్నాయి. రంగు మారిందని మీరు రాసిన ఒక్క వాక్యం ఆ సంగతి చెప్పింది. జతకట్టకుండా పెట్టిన గుడ్డు పసుపుగానే ఉండి కొన్నాళ్లకు నడుమ గుంటపడి ఎండిపోతుంది. ఊదా బూడిదరంగుకు తిరిగిందంటే పిండం ఏర్పడింది, ఏర్పడి సుప్తావస్థలోకి పోయింది. మీకు వచ్చిన తెల్లగూళ్లు బైవోల్టైన్ సంకరానివి, అంటే శీతల దేశాల్లో సహజంగా ఏడాదికి రెండు తరాలు మాత్రమే నడిచే జాతులకు చెందినవి. మన పాత మైసూరు రకం ఏడాది పొడవునా ఆగకుండా పొదుగుతుంది, దాని గుడ్లు పది పన్నెండు రోజుల్లోనే పగులుతాయి. మీ పుస్తకంలో చదివింది దాని గురించో, ఆమ్లంతో శుద్ధి చేసిన గుడ్ల గురించో అయి ఉండాలి. ఇందులో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే విషయం ఏమిటంటే, ఈ జాతుల్లో గుడ్డు నిద్రపోవాలా వద్దా అన్నది చాలావరకు ఆ గుడ్డు అనుభవించే వాతావరణాన్ని బట్టి కాకుండా, దాని తల్లి తాను గుడ్డుగా ఉన్నప్పుడు అనుభవించిన వాతావరణాన్ని బట్టి నిర్ణయమవుతుంది. తల్లి గుడ్డును 25 డిగ్రీల వేడిలో వెలుతురులో పొదిగిస్తే, అది పెద్దదై పెట్టే గుడ్లు నిద్రలోకి పోతాయి. 15 డిగ్రీల చల్లదనంలో చీకట్లో పొదిగిస్తే పోవు.

ఈ నిద్రను మేం కేంద్రంలో ఆమ్లంతో చెరిపేవాళ్లం. గుడ్లు పెట్టిన సుమారు 20 గంటలకు, 1.075 సాంద్రత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని 46.1 డిగ్రీలకు వేడిచేసి, అందులో గుడ్ల కాగితాలను అయిదు నిమిషాలపాటు ముంచి, నీళ్లలో బాగా కడిగి ఆరబెడితే, పదకొండో రోజుకు చీమల్లాంటి పిల్లలు బయటికి వస్తాయి. వేడి ఎక్కువైనా, సమయం మించినా గుడ్లు దెబ్బతింటాయి. ఇది బడిలో చేయించే పని కాదు, ఆ సమయం ఎలాగూ దాటిపోయింది. రెండో దారి ప్రకృతి చేసేదే, చలికాలం. ఆ కాగితాన్ని గాలి ఆడే చిన్న డబ్బాలో పెట్టి, ఫ్రిజ్జులో సుమారు 5 డిగ్రీల దగ్గర మూడు నెలలు ఉంచండి, గడ్డకట్టే అరలో మాత్రం కాదు. తీసిన తర్వాత కొన్ని గంటలు చల్లటి గదిలో ఉంచి, అప్పుడు 25 డిగ్రీల దగ్గర పెడితే పది పన్నెండు రోజుల్లో పొదగవచ్చు. అన్నీ పొదుగుతాయని ఆశ పెట్టుకోకండి.

ఇలా పెట్టిన గుడ్లను బడిలో చూడటానికి పెంచుకోండి గాని, మీ తమ్ముడికి మాత్రం పంటకు ఇవ్వకండి. సంకర జాతి చిలుక పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పురుగులు ఒకే తీరుగా ఎదగవు, ఒకటి పండుతుంటే మరొకటి జ్వరంలో ఉంటుంది. అంతకన్నా పెద్ద భయం పెబ్రిన్. ఇది తల్లి నుంచి గుడ్డుకు సంక్రమించే రోగం. 1860ల్లో ఫ్రాన్సు పట్టు పరిశ్రమను ఇది కూల్చేస్తుంటే లూయీ పాశ్చర్‌ను పిలిపించారు, ఆయన అయిదేళ్లు దాని మీద పనిచేసి చూపించిన దారినే ఈనాటికీ మేం నడుస్తున్నాం. ఒక్కొక్క తల్లి చిలుకను విడిగా గుండ్రటి చిన్న మూత కింద ఉంచి గుడ్లు పెట్టించి, ఆ తర్వాత తల్లిని పొటాషియం కార్బొనేట్ ద్రావణంలో నూరి, ఒక చుక్కను సూక్ష్మదర్శినిలో చూస్తాం. బియ్యపు గింజను సూక్ష్మంగా చెక్కినట్టు మెరిసే అండాకారపు బీజాలు కనిపించాయా, ఆ గుడ్లన్నీ తగలబెట్టాల్సిందే. రైతులు రోగరహిత గుడ్లని కొనేది ఆ పరీక్ష దాటివచ్చిన గుడ్లనే. నా కళ్లద్దాలు మందమైంది ఆ చుక్కలు చూసీ చూసీనే.

ధర్మవరంమగ్గం:

సార్ చెప్పిన తర్వాత నా వంతు వచ్చింది. మా నాన్నగారిది మగ్గం, మా మామగారిది రీలింగ్ బేసిన్, అంటే గూళ్లను వేడినీళ్లలో వేసి దారం లాగే తొట్టి. రెండూ చూసినవాణ్ని కాబట్టి చిల్లు గూటి సంగతి చెబుతాను.

మంచి గూటిని వేడినీళ్లలో ఉడికిస్తే జిగురు మెత్తబడుతుంది. పొరక లాంటి కుంచెతో పైన నెమ్మదిగా తిప్పితే పైపొరల చిక్కు ఊడి, అసలు కొస చేతికి వస్తుంది. ఒక్క పోగు చాలా సన్నం, దానితో ఏదీ నేయలేం. అందుకని ఎనిమిది పది గూళ్ల కొసలు కలిపి ఒకే దారంగా లాగుతారు, మెత్తబడిన జిగురే వాటిని ఒకటిగా అంటిస్తుంది. లాగుతుంటే గూళ్లు నీళ్లలో తేలుతూ, గంతులు వేస్తూ, బయటి నుంచి లోపలికి పొర తర్వాత పొర విప్పుకుంటాయి. తెల్లగూటిలో ఇలా తెగకుండా వెయ్యి మీటర్లకు పైగా పోగు వస్తుంది. గూడు మూసి ఉంటేనే ఇది సాధ్యం. చిల్లు గూడును బేసిన్‌లో వేస్తే నీళ్లు లోపలికి నిండి, మునిగి, అడుక్కు పోతుంది. దానికి తోడు, పోగు ఆ కొన దగ్గరికి వచ్చిన ప్రతిసారీ చిలుక తోసి చిందరవందర చేసిన చోట చిక్కుపడి తెగుతుంది. పొరపొరకూ తెగే గూటిని పట్టుకుని ఎవరు కూర్చుంటారు? కాబట్టి రైతు అన్న చెప్పినట్టు దారం ముక్కలవడం నిజమే, కాకపోతే ఆ ముక్కలు చేసేది చిలుక పళ్లు కాదు, మన లాగుడు. అలాంటి గూళ్లను ఉడికించి, జిగురు తీసి, దూదిలా ఏకి, నూలు వడికినట్టు వడుకుతారు. అదీ పట్టే, కాని పట్టు మెరుపు దానికి ఉండదు. ఫైబ్రాయిన్ పోగును అడ్డంగా కోసి చూస్తే దాదాపు మూడు మూలల ఆకారంలో ఉంటుందట, ఆ చదునైన పక్కల మీద పడిన వెలుతురు అద్దం మీద పడినట్టు తిరిగివస్తుంది. పోగు పొడవుగా, ఒకే దిక్కుగా ఉన్నంతసేపే ఆ సొగసు. ముక్కలు చేసి మెలిపెడితే వెలుతురు నాలుగు దిక్కులా చెదిరిపోతుంది.

చీరకు ఎన్ని గూళ్లని మీరు అడగలేదు గాని పిల్లలు అడుగుతారు, కనుక లెక్క చెప్పి ఉంచుతాను. జరీ బరువు తీసేసి, చీరలో అరకిలో పట్టు ఉందనుకుందాం. ముడి పట్టును సబ్బు, సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీస్తే బరువులో నాలుగో వంతు పోతుంది, అంటే అరకిలో కావాలంటే ముడి పట్టు సుమారు 670 గ్రాములు ఉండాలి. కిలో ముడి పట్టుకు మంచి తెల్లగూళ్లయితే ఏడు కిలోలు పడతాయి, ఆ లెక్కన 670 గ్రాములకు సుమారు 4.7 కిలోలు. కిలోకు 600 గూళ్లు తూగితే 2,800 గూళ్లు. రైతు అన్న చెప్పిన 25 గ్రాముల లెక్కన అవి తిన్న ఆకు 70 కిలోలు. ఒక్కో గూటికి వెయ్యి మీటర్ల పోగు చొప్పున 2,800 కిలోమీటర్లు, కడప నుంచి ఢిల్లీకి పోయి కొంత దూరం వెనక్కి రావచ్చు.

బడికిటికీ:

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. ఊజీ ప్యూపాను పిల్లలకు చూపించి కాల్చేశాము. చీర లెక్కను నల్లబల్ల మీద వేయించాను. అయితే ఆ లెక్క పూర్తికాగానే ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, అయితే మా అక్క పెళ్లి చీరకు 2,800 చిలుకలను చంపారా టీచర్ అని అడిగింది. గూడు మూసి ఉండాలంటే లోపలి ప్యూపాను ఆవిరితోనో వేడిగాలితోనో చంపక తప్పదని చెప్పాను. చంపకుండా పట్టు రాదా అన్న తర్వాతి ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వలేకపోయాను.

కర్నూలుచేనేత:

చంపకుండా వచ్చే పట్టు ఉందండి. మన కుసుమ రాజయ్య గారు రాష్ట్ర చేనేత సహకార సంస్థలో పనిచేస్తూ, చిలుక బయటికి వెళ్లిపోయిన గూళ్లతో వడికిన పట్టును అహింసా పట్టు పేరుతో ప్రచారంలోకి తెచ్చి, దానికి పేటెంటు కూడా పొందారు. నేను చాలా ఏళ్లుగా అదే కట్టుకుంటున్నాను. నిరుడు మాత్రం ఒక దుకాణంలో అహింసా పట్టు అని చెప్పి అమ్మిన చీర మామూలు పట్టుచీరకన్నా ఎక్కువ మెరుస్తుంటే అనుమానం వచ్చింది, పై వివరణ చదివాక ఆ అనుమానం రూఢి అయింది. పట్టి చూసి గుర్తించే మార్గం ఏమైనా ఉందా?

ధర్మవరంమగ్గం:

ఉందమ్మా. చీర అంచు నుంచి ఒక పోగు లాగి, మెలి విప్పి రెండు చేతులతో మెల్లగా సాగదీయండి. వడికిన పట్టయితే వేలెడు, జానెడు ముక్కలుగా జారి విడిపోతుంది, కొసలు దూదిలా విచ్చుకుంటాయి. గూటి నుంచి లాగిన పట్టయితే సన్నటి పోగులు విడివిడిగా కనిపించినా ఏదీ జారదు, గట్టిగా లాగితే ఒక్కసారిగా తెగుతుంది. నేతలో కూడా వడికిన పట్టు అక్కడక్కడ లావుగా, ఉండలు కట్టినట్టు తగులుతుంది.

గుడ్లకేంద్రం:

ఆ అమ్మాయి ప్రశ్నకు నేనొక మాట చేరుస్తాను. ఆముదపు ఆకు తినే ఎరి పురుగు అల్లే గూటికి ఒక కొన సహజంగానే తెరిచి ఉంటుంది, చిలుక ఏ జిగురూ కరిగించకుండా అందులోంచి వస్తుంది. ఆ గూటిని మొదటి నుంచీ వడకడమే తప్ప లాగడం కుదరదు, కాబట్టి పట్టు కోసం చిలుకను చంపవలసిన అవసరం లేదు. అస్సాంలో ఇది ఇంటింటి పని, ఆముదం పండే మన నేలకు కూడా పనికివస్తుంది. మల్బరీ గూళ్ల విషయంలో మాత్రం పిల్లలకు సగం మాట చెప్పి ఊరుకోకండి. 2,800 చిలుకలను బయటికి రానిస్తే వాటిలో సగం ఆడవి, ఒక్కొక్కటి 400 దాకా గుడ్లు పెడుతుంది. ఆ అయిదు లక్షలకు పైగా పిల్లలకు ఆకు పెట్టేవారు ఎవరు? పెట్టకపోతే అవి పొదిగిన రెండు మూడు రోజులకే ఆకలితో చస్తాయి. ఆ గుడ్లను నాశనం చేయక తప్పదు. మగవాటిని, ఆడవాటిని ముందే వేరుచేస్తే కొంత మేలు. గూళ్లుగా ఉన్నప్పుడే తూకం చూసి చాలావరకు విడదీయవచ్చు, ఆడది బరువుగా ఉంటుంది. అది బోలెడు శ్రమ. ఏ మాట చెప్పాలో మీరే తేల్చుకోండి, నేను ముప్పై ఏళ్లు రోజూ వందల తల్లి చిలుకలను నూరినవాణ్ని, ఈ విషయంలో పెద్దరికం వహించే అర్హత నాకు లేదు.

రెమ్మలమేపు:

సార్ చెప్పింది నిజమే, నాకు నోరు లేని సంగతి తెలియక పదిహేనేళ్లుగా కొరుకుతుందనే అనుకున్నాను. మేడం, గుడ్లు పొదిగే రోజుకు ఆకు సిద్ధంగా ఉండాలి. మీ ఊళ్లో రోడ్డు పక్క మల్బరీ చెట్టు ఉన్నా సరే, పక్క చేలో పురుగుమందు కొట్టి ఉన్నా, పొగాకు వేసి ఉన్నా ఆ ఆకు కోయకండి, ఒక్క మేతకే పిల్లలన్నీ తలలు వేలాడేస్తాయి. మొదటి వారం కొసన ఉండే లేత ఆకును సన్నగా తరిగి పెట్టాలి. మీ తమ్ముడి తోట మా తోటకు దగ్గరే అయితే, ఇద్దరిలో ఎవరం అటు వచ్చినా తడిగుడ్డలో చుట్టి తెస్తాం.

బడికిటికీ:

రాశిఫలాల కాగితాన్ని గుడ్లతో సహా కత్తిరించి, మూతకు నాలుగు బెజ్జాలు పెట్టిన డబ్బాలో వేసి, నిన్న సాయంత్రం మా ఇంటి ఫ్రిజ్జులో పెరుగు గిన్నె పక్కన పెట్టాను. మా అత్తగారు పొరపాటున పారేయకుండా మూత మీద పెద్ద అక్షరాలతో "నిద్రపోతున్నాయి" అని రాసి అంటించాను. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన రోజున బయటికి తీస్తాము, ఎన్ని పొదిగాయో లెక్కపెట్టి ఇక్కడే రాస్తాను. ఆకు పంపుతానన్న అన్నగారికి మా తమ్ముడి ఊరి పేరు విడిగా సందేశంలో తెలియజేస్తున్నాను.